ఆ జన్యువు చెడితే వచ్చే జబ్బు గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో డబ్ల్యూఆర్‌ఎన్ జన్యువు గురించి 'ముసలితనం గుట్టు తెలిసింది' అంటూ వేసిన వ్యాసం చదివాను. ఆ జన్యువు చెడిపోతే వచ్చేది వెర్నర్ సిండ్రోమ్, చిన్న వయసులోనే ముసలితనం లక్షణాలు తెచ్చే జబ్బు. మా అక్కకు ఉన్నది అదే. మీ వ్యాసంలో ఆ పేరు చివర్లో ఒక్కసారి కనిపించి మాయమైంది. అందుకే రాస్తున్నాను.

అక్కకు 22 ఏళ్లకే జుట్టు నెరిసింది. టెన్షన్ వల్ల అన్నారు. 31 ఏళ్లకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. తర్వాత షుగర్. ఆ తర్వాత కుడి చీలమండ దగ్గర పుండు. రెండేళ్లయినా మానలేదు. కట్టు మార్చేది నేనే. విప్పి చూస్తే చుట్టూ చర్మం బిగుసుకుపోయి, ఎముకకు అంటుకుపోయినట్టు ఉండేది. కళ్ల డాక్టరు కళ్లు చూశారు, షుగర్ డాక్టరు షుగర్ చూశారు. అన్నీ కలిపి మనిషిని చూసినవాళ్లు లేరు. చివరికి ఒక చర్మవైద్యురాలు అక్క సన్నని గొంతు విని, "మీ ఈడు పిల్లలు పొడుగయ్యే వయసులో మీరు ఆగిపోయారా?" అని అడిగారు. అమ్మ అవునంది. జన్యు పరీక్షలో తేలేసరికి అక్కకు 38.

మన డీఎన్‌ఏ రెండు పేటల తాడులా పురి తిరిగి ఉంటుంది. దానికి నకలు తీయాలన్నా, తెగినచోట అతకాలన్నా ముందు పురి విప్పాలి. ఆ పని చేసే హెలికేజ్ ఎంజైముల్లో ఒకదాన్ని తయారుచేసేది ఈ జన్యువు. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా చెడిన కాపీ వస్తేనే జబ్బు వస్తుంది. నాకు ఒక్కటే వచ్చింది, నేను బాగున్నాను. జర్మనీలో ఒట్టో వెర్నర్ ఒకే ఇంటి తోబుట్టువుల్లో ఈ జబ్బును గమనించి రాసింది 1904లో. 8వ క్రోమోజోము మీద జన్యువు దొరికింది 1996లో. ఇన్నేళ్ల తర్వాత కూడా మాలాంటి వాళ్లం ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాం.

ఈ జన్యువు చెడడం అందరి ముసలితనానికీ కారణం కాదు. వయసుతో వచ్చే మతిమరుపు ఈ జబ్బులో పెద్దగా కనిపించదు. అక్కకు చిన్నప్పటి ఫోన్ నంబర్లు కూడా గుర్తే. కానీ మీ వ్యాసం చూసి ముగ్గురు తెలిసినవాళ్లు నాకు ఫోన్ చేసి, ముసలితనం ఎప్పుడొస్తుందో చెప్పే పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు. నాకు చాలా బాధేసింది.

మీరు మళ్లీ రాస్తే లక్షణాలు రాయండి: టీనేజ్‌లో ఎత్తు ఆగిపోవడం, ఇరవైల్లో నెరుపు, ముప్పై దాటగానే రెండు కళ్లలో శుక్లాలు, చీలమండ దగ్గర మానని పుండు. ఇవన్నీ ఒకే మనిషిలో కనబడితే జన్యు పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలోనే జరిగేలా చూడమని అధికారులను అడగండి. దీన్ని నయం చేసే మందు లేదు, నిజమే. ఈ జబ్బున్నవాళ్ల ప్రాణం తీసేవి ఎక్కువగా గుండెపోటు, క్యాన్సర్. జబ్బు పేరు తెలిస్తే వాటి కోసం ముందే వెతకొచ్చు. అక్క ఇప్పుడు క్యాన్సర్ ఉందేమో చూసుకోవడానికి ఏటా థైరాయిడ్ స్కాన్ చేయించుకుంటోంది. 38 ఏళ్ల వరకు ఆ స్కాన్ అవసరమని మాకు చెప్పినవాళ్లే లేరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు