సోమవారం నుంచి ఎయిర్‌పోర్టులో పెసరట్టు ఉండదు

నమస్తే అండీ. విజయవాడ గవర్నర్‌పేటలోని మా టిఫిన్ కొట్లో పెసరట్టు ఎప్పటిలాగే దొరుకుతుంది, ఉప్మాతో సహా. తీసేస్తున్నది గన్నవరం ఎయిర్‌పోర్టు కౌంటర్లో మాత్రమే, కారణం ఏంటంటే అక్కడ మా పెసరట్టు బాగుండట్లేదు.

టెర్మినల్లో గ్యాస్ సిలిండర్ పెట్టనివ్వరు, అంతా కరెంటు పొయ్యే. ఊళ్లో ఇనప పెనం మీద పిండి పోస్తే చుయ్‌మంటుంది, ఇక్కడ వరసగా నాలుగు పోసేసరికి ప్లేటు వేడి దిగిపోయి అట్టు కాలడం మానేసి ఉడకడం మొదలెడుతుంది. పైగా పిండి ఊళ్లో రెండున్నరకి రుబ్బి, డబ్బాలకెత్తి, ఎక్స్‌రే మిషన్లో పెట్టి, అడిగితే మూత తీసి చూపించి, లోపలికి చేర్చేసరికి నాలుగున్నర. ఇడ్లీ పిండికి ఇదేం పట్టదు. పెసరపిండి మాత్రం అప్పటికప్పుడు రుబ్బితేనే రుచి. మా ఆవిడ మొదటిరోజే వద్దంది. బోర్డు మీద పెసరట్టు లేకపోతే బెజవాడ టిఫిన్ అని ఎవరనుకుంటారని నేనే మొండికేశాను.

ఇంకోటి. పోయిన నెల ఒకాయన కొబ్బరి చట్నీ పులిసిందని ఫొటో పెట్టారు, చాలామంది చూసే ఉంటారు. తప్పు మాదే. ఆ రోజు ఫ్లైటు లేటై జనం కదల్లేదు, తెల్లవారుజామున తెచ్చిన చట్నీయే పదకొండింటికీ పోశాం. కౌంటర్లో కుర్రాడు ఫోన్ చేసి "కాస్త వాసనొస్తోంది సార్" అన్నాడు కూడా. "ఏం కాదు, కానిచ్చెయ్" అన్నది నేనే. ఆయన డబ్బులు ఆయనకి ఇచ్చేశాం, కానీ ఆ రోజు తిని ఏమీ అనకుండా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో అని నాకు ఇప్పటికీ అదే టెన్షన్. ఇకమీదట కొబ్బరి చట్నీ ఎనిమిదింటి దాకానే, మిగిలింది పారబోయడమే. తర్వాత అల్లం పచ్చడి, కారప్పొడి, నెయ్యి.

ఇక రేట్లు. రెండిడ్లీ ఊళ్లో 40, ఇక్కడ 90. టీ 40. "కోల్‌కతాలో పది రూపాయలకి ఇస్తున్నారుగా" అని రోజుకొకరైనా అడుగుతారు. నిజమే, 2024 డిసెంబరులో మన సిక్కోలు ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు అక్కడి ఎయిర్‌పోర్టులో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు, టీ 10, సమోసా 20. ప్రయాణికుడిగా నాకూ సంతోషమే. కానీ అది ప్రభుత్వం చౌకగా ఇవ్వాలని పెట్టింది. మాలాంటివాళ్లకి ఎయిర్‌పోర్టుల్లో మామూలుగా ఉండే పద్ధతి వేరు: అమ్మకంలో వాటా, లేదా నెలకి ఇంతని కనీస మొత్తం, ఏది ఎక్కువైతే అది కట్టాలి. జనం రాని నెలలో కూడా ఆ కనీస మొత్తం తప్పదు. పనివాడు మానేస్తే రేపు ఇంకొకణ్ణి నిలబెట్టడానికి ఉండదు, పోలీసు వెరిఫికేషన్ అయి పాసు చేతికొచ్చేదాకా ఉన్నవాళ్లే రెండు షిఫ్టులూ లాగాలి. జీఎస్టీ మాత్రం ఊళ్లోనూ ఇక్కడా ఒకటే, 5 శాతం. నీళ్ల సీసా ఎమ్మార్పీకే, పైసా ఎక్కువ తీసుకోం.

పెసరట్టు పోయిన చోట రోజంతా పులిహోర, పెరుగన్నం పెడుతున్నాం, రెండూ 100 లోపే. ఇవి చల్లారినా బాగుంటాయి, అదే వీటి గొప్ప.

బోర్డింగ్ అని పిలవగానే సగం ఇడ్లీ వదిలేసి పరిగెత్తేవాళ్లని రోజూ చూస్తున్నాం, ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్కమాట చెప్పండి, డబ్బాలో సర్ది ఇస్తాం, సీట్లో కూర్చుని తినొచ్చు. పెసరట్టే కావాలనుకుంటే ఎయిర్‌పోర్టుకి వెళ్లేదారిలో ఊళ్లో కొట్టు దగ్గర ఆగండి, ఐదున్నరకే తెరుస్తాం. ఫ్లైటుందని చెబితే ముందు మీకే వెయ్యమని వంట మాస్టారుకి చెప్పి పెట్టాను.