అమెరికాలో ‘సుప్రీంకోర్టు’ ఒక్కటి కాదు

సంపాదకులు గారికి, నమస్కారం.

అమెరికా కోర్టుల వార్తల్లో ఒక పొరపాటు మన పత్రికల్లో తరచూ కనిపిస్తోంది. ‘న్యూయార్క్ సుప్రీంకోర్టు’ ఏదైనా చెబితే దేశ అత్యున్నత న్యాయస్థానమే చెప్పిందన్నట్టు రాసేస్తున్నారు. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే ట్రయల్ కోర్టు, మన జిల్లా కోర్టు లాంటిది. ఆ రాష్ట్రంలో ఆఖరి మాట ఆల్బనీలోని కోర్ట్ ఆఫ్ అపీల్స్‌ది. టెక్సాస్‌లోనైతే పై కోర్టులే రెండు: సివిల్‌కు సుప్రీంకోర్టు, క్రిమినల్‌కు వేరొకటి. విజయవాడలో పుట్టిన జయ బాదిగ గారు 2024లో నియమితులైన శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు కూడా, పేరు ఎలా వినిపించినా, ట్రయల్ కోర్టే.

పేరు సరిగ్గా రాసినా, ఆ జడ్జి ఎలా వచ్చారు, ఎన్నాళ్లుంటారు అన్నది రాయకపోతే పాఠకుడికి సగం విషయమే అందుతుంది. మన దగ్గర హైకోర్టు జడ్జికి 62 ఏళ్లు, సుప్రీంకోర్టు జడ్జికి 65. పర్మినెంట్ అయ్యాక పార్లమెంటు తొలగిస్తే తప్ప అందాకా పదవికి ఢోకా లేదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ పదవి ఓటరు చేతిలో ఉంటుంది.

అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు చూడండి, అక్కడ అదే పై కోర్టు. నామినేషన్ కమిషన్ ముగ్గురి పేర్లు పంపుతుంది, గవర్నర్ ఒకరిని ఎంచుకుంటారు. కనీసం ఏడాది పనిచేశాక వచ్చే సాధారణ ఎన్నికల్లో ఆ జడ్జి పేరు బ్యాలెట్‌పైకి వస్తుంది. పోటీ అభ్యర్థి ఉండరు. ఈయన్ను కొనసాగించాలా, వద్దా అన్నదే ప్రశ్న. ‘అవును’ ఎక్కువైతే 8 ఏళ్లు, ఆ తర్వాత మళ్లీ అదే పరీక్ష. రిటైర్మెంట్ 72కి.

2009 ఏప్రిల్‌లో ఆ కోర్టులోని ఏడుగురు జడ్జిలూ ఒకే మాటగా స్వలింగ వివాహాలను అనుమతించారు. తీర్పు రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా ఇచ్చింది కాబట్టి వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టుకు పోయే దారి లేదు. కోపమంతా బ్యాలెట్ మీదికి మళ్లింది. 2010 నవంబరులో చీఫ్ జస్టిస్ మార్షా టర్నస్, మైఖేల్ స్ట్రైట్, డేవిడ్ బేకర్ ముగ్గురూ ఓడిపోయారు. 1962లో ఈ పద్ధతి పెట్టాక అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఓడడం అదే మొదటిసారి. జడ్జిలు ఓట్లడగడం తగదని వారు ప్రచారానికి దిగలేదు. టర్నస్ 1993 నుంచి ఆ కోర్టులో ఉన్నారు. బేకర్ వచ్చి రెండేళ్లయింది, అంతే.

ఇక్కడ గమనించాల్సింది, ఆ తీర్పు స్వయంగా రాసిన మార్క్ కేడీ ఆ ఏడాది బ్యాలెట్‌లోనే లేరు. ఆయన వంతు 2008లో అయిపోయింది, మళ్లీ 2016లో వచ్చింది. ఈలోగా చీఫ్ జస్టిస్ కూడా అయ్యారు, 2016లో గెలిచారు. సంతకం పెట్టిన తీర్పు ఒక్కటే, కొందరి పదవి పోయింది, రాసినవారిది నిలిచింది. కారణం క్యాలెండరు! న్యాయవ్యవస్థ స్వతంత్రత గురించి మాట్లాడేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణనైనా చదవాలి.

అలాంటి పరీక్ష లేని చోట్లూ ఉన్నాయి. రోడ్ ఐలాండ్‌లో జీవితకాలం, మసాచుసెట్స్‌లో 70 ఏళ్ల వరకు. విస్కాన్సిన్‌లో మాత్రం నేరుగా ఎన్నికే, 2025లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక్క సీటు పోటీకి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి.

రాష్ట్రం పేరు, అక్కడ ఆ కోర్టు స్థాయి, ఆ జడ్జి మళ్లీ ఓటర్ల ముందుకు వెళ్లే సంవత్సరం: వార్తలో ఈ మూడూ ఒక్క వాక్యంలో పడతాయి. డెస్కులో ఈ సంగతి చెప్పగలరని మనవి.

ఇట్లు,
ఒక న్యాయవాది