రేడియోథెరపీ విద్యార్థులకు ముందు ఉత్తుత్తి పేషెంట్లను ఇవ్వండి

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ ఆసుపత్రుల గురించి పేపర్లో వార్త వచ్చిందంటే అది మిషన్ గురించే. కొత్త మిషన్ వచ్చింది, ఇన్ని కోట్లు, ఫలానా వారు రిబ్బన్ కట్ చేశారు. మంచిదే, మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి చెన్నైకో వేలూరుకో పరుగెత్తే తిప్పలు కొంతైనా తగ్గుతాయి. కానీ ఆ మిషన్ దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మనిషితో ఎలా మెలగాలో ఎవరు నేర్పుతున్నారు, ఎవరి మీద నేర్పుతున్నారు?

గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ అంటే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. అన్నాళ్ళలో పెద్ద డాక్టరు వారానికోసారి చూస్తారేమో గానీ, రోజూ కనబడేది టెక్నీషియన్, ఆయన వెనక నిలబడ్డ విద్యార్థులు. భయమైనా అనుమానమైనా వాళ్ళకే చెప్పుకోవాలి.

మా పెద్దమ్మది ఉదయగిరి వైపు పల్లె. ఈ రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచే మాస్క్ ఆమెకి చేసిన రోజు నేను తలుపు దగ్గరే ఉన్నాను. ప్లాస్టిక్ షీటుని వేడినీళ్ళలో మెత్తబరిచి, ముఖం మీద నుంచి భుజాల దాకా లాగి బల్లకి బిగిస్తారు, అది గట్టిపడేదాకా కదలకూడదు. దానికి బెజ్జాలుంటాయి, ఊపిరి ఆడుతుంది. ఆ ఒక్క ముక్క ముందు చెప్పినవాళ్ళు లేరు. ఇద్దరు కుర్రాళ్ళు ఆమె తల మీదుగా వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో కొలతలు చెప్పుకుంటూ పని కానిచ్చేశారు. కొలతలన్నీ కరెక్టే. ఆమె మాత్రం "ఊపిరాడకుండా చేసి చంపేస్తారేమో అనుకున్నా నాయనా" అని, మర్నాడు ఆసుపత్రికి రానంటే రానని కూర్చుంది. ఈ జబ్బులో మధ్యలో సిట్టింగులు ఆగితే వైద్యం ఫలితమే తగ్గుతుంది, కాబట్టి ఇది మర్యాదకి సంబంధించిన సంగతి మాత్రమే కాదు.

ఆ పిల్లల్ని తిట్టి లాభం లేదు, వాళ్ళకి నేర్పలేదు. నేర్పే పద్ధతి కొత్తదా అంటే అదీ కాదు, రోగిగా నటించే మనిషిని పెట్టి వైద్య విద్యార్థులకి తర్ఫీదివ్వడం 1963లోనే అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టారు. ఉదాహరణకి నటికి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఉన్న పల్లెటూరి మనిషి పాత్ర ఇస్తారు. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో పొత్తికడుపు మీద గుర్తులు పెట్టాలి, ఎదురుగా మగపిల్లాడు, ఆమె కొంగు వదలదు. "కరెంటు పెడితే ఒళ్ళు కాలిపోద్దా? ఇంటికి పోయి మనవణ్ణి ఎత్తుకోవచ్చా?" అని అడుగుతుంది. బయటి నుంచి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు, మనవణ్ణి నిక్షేపంగా ఎత్తుకోవచ్చు. ఇది పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన పిల్లాడే అక్కడ నీళ్ళు నములుతాడు. నములనివ్వండి, ఆ మనిషికి నిజంగా జబ్బు లేదు కదా. పేరు అడిగి ఫైలుతో సరిచూసుకోవడం, బల్ల మీద సరిగ్గా పడుకోబెట్టడం, గదిలో ఒంటరిగా వదిలే ముందు "కెమెరాలో చూస్తూనే ఉంటాం, చెయ్యి ఊపితే ఆపేస్తాం" అని చెప్పడం, అన్నీ పదిసార్లు చేయించొచ్చు. మిషన్ ఆన్ చేసే పనే లేదు గనక నటించేవాళ్ళకి రేడియేషన్ భయమూ లేదు. అయ్యాక ఆమే చెప్తుంది, నువ్వు చెయ్యి వేసే ముందు చెప్పలేదు, నాకు ఒళ్ళు మండింది అని. బొమ్మలతో, కంప్యూటర్లతో నేర్పుతున్నాం కదా అంటారు. బొమ్మకి సిగ్గేస్తుందా?

మనుషులు ఎక్కడ దొరుకుతారంటే, మన రెండు జిల్లాల్లో నాటకాలాడేవాళ్ళకి కొదవా? రిటైరైన టీచర్లున్నారు. ఊరికే కాదు, రోజుకింతని డబ్బులిచ్చి పిలవాలి. జబ్బు నయమైనవాళ్ళని మాత్రం వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే తప్ప లాగొద్దు, ఆ బల్ల మళ్ళీ ఎక్కడం అందరివల్లా కాదు.

ఎంబీబీఎస్ వాళ్ళకి 2019 నుంచి రోగితో మాట్లాడే తీరు సిలబస్‌లోనే ఉంది. టెక్నీషియన్ కోర్సుల కోసం కూడా 2021లో కేంద్రం చట్టం చేసింది. కాలేజీలు ఒక్క బ్యాచ్‌తో, మాస్క్ చేసే రోజు, మొదటి సిట్టింగు, ఈ రెంటితో మొదలుపెట్టినా చాలు. ప్రాక్టికల్స్‌లో మార్కులు వేసేవాళ్ళలో ఆ నటి కూడా ఉండాలి.

— ఒక పాఠకుడు, కావలి