కమిషనర్ గారూ, గురువారం సాయంత్రం హాలు మాకు ఉంచండి

మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

కమ్యూనిటీ హాలును ఇకపై శుభకార్యాలకే అద్దెకు ఇస్తామన్న నోటీసు చూసి ఈ లేఖ రాస్తున్నాను. మా రోటరీ క్లబ్బు వారపు సమావేశం ప్రతి గురువారం అక్కడే జరుగుతుంది. ఎక్కడో ఒకచోట కూర్చోవచ్చు కదా అన్నారు మీ సిబ్బంది. ఆ మాట నొప్పించింది.

మొన్నటి గురువారం సంగతి వినండి. అధ్యక్షురాలు గంట కొట్టారు, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకున్నాం. కంటి శిబిరానికి వచ్చేవారి జాబితా చదువుతుండగా ఆసుపత్రి నుంచి ఫోను: ఒక బాలింతకు ఓ నెగటివ్ రక్తం కావాలి. మందుల షాపు నడిపే సభ్యుడు సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, ఆ గ్రూపు రక్తమున్న కుర్రాడిని బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. వారం వారం ఎదురెదురుగా కూర్చునేవాళ్ల మధ్య ఇలా అడగడానికి మొహమాటం ఉండదు.

రోటరీ 1985లో పోలియో నిర్మూలనకు పూనుకుంది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో బయటపడింది. పల్స్ పోలియో ఆదివారాల్లో ఏ బూత్‌కు ఎవరు వెళ్లాలో మేం తేల్చుకున్నది కూడా ఈ హాల్లోనే.

మేం అడుగుతున్నది వారానికి గంటన్నర. ముహూర్తాలున్న రోజు తప్పుకుంటాం, కరెంటు ఖర్చు భరిస్తాం. నిర్ణయానికి ముందు ఒక గురువారం మీరే రండి. కాలువల పూడికతీత గురించి కూడా మీతో మాట్లాడాలి.

ఇట్లు,
క్లబ్బు సభ్యుడు