మా బడి క్యాలెండర్ ప్రకారం నడిచింది, చదువు సంగతి మీరే చెప్పాలి

పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి నమస్కరించి రాయునది.

అయ్యా,

మా ఊరి బడి నుంచి తీసుకుపోయిన టీచర్‌ను మళ్లీ పంపమని, జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో మేమిచ్చిన దరఖాస్తులకు రశీదులు వచ్చాయి. సమస్యను సంబంధిత అధికారికి పంపించామని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. ఆ సంబంధిత అధికారి ఎవరని అడిగితే మండలం వాళ్లు జిల్లా అన్నారు, జిల్లా వాళ్లు హైదరాబాద్ అన్నారు. హైదరాబాద్ ఎవరి వైపు చూపిస్తుందో తెలుసుకునేంత ఓపిక, చార్జీ డబ్బులు మాకు లేవు. అందుకే పదిమందీ చదివేటట్టు ఇట్లా రాస్తున్నాను.

మా ఊరు వరంగల్ నుంచి నర్సంపేట పోయే రోడ్డు దిగి లోపలికి రావాలి. ఊళ్లో ప్రైమరీ స్కూల్ ఉంది. ఐదు తరగతులు, ముప్పై పైచిలుకు పిల్లలు. మా పాప మొన్న ఏప్రిల్‌లో మూడో తరగతి పూర్తి చేసింది. నేను మహిళా సంఘం సభ్యురాలిని, బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నాను, పిల్లల యూనిఫాంలు కుట్టేవాళ్లలోనూ ఒకదాన్ని. మీ పథకాల్లో సగం మా వాకిట్లోంచే పోతాయి కాబట్టి వాటి గురించి మీకు నేను, నాకు మీరు చెప్పుకునే పని లేదు.

నాకు తెలియనిదల్లా ఒకటే. బిడ్డను జూన్‌లో బడికి పంపిస్తే, మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి ఆ బిడ్డకు ఏమేం వచ్చి ఉండాలి? ఎవరు చెప్తారు, ఏ పూట చెప్తారు? ప్రైవేటు బడి వాళ్లు ఫీజు ముక్కుపిండి వసూలు చేసినా మొదటి వారంలోనే ఒక డైరీ చేతిలో పెడతారు. ఏ నెలలో ఏ పాఠం, ఏ రోజు పరీక్ష, క్లాస్ టీచర్ ఎవరు, అన్నీ అందులో ఉంటాయి. మాకు ఒక్క కాగితం లేదు.

మీ క్యాలెండర్ మాత్రం చూశాను. 2025–26కు 230 పనిదినాలు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు 200 రోజులు, 800 గంటల బోధన ఉంటే చాలంది. మీరు ఇంకో 30 రోజులు కలిపి ఇచ్చారు, పెద్ద మనసు. దసరా సెలవులు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 దాకా అన్నారు, అట్లనే ఇచ్చారు. సంక్రాంతి సెలవులూ ఇచ్చారు, ఎండలు ముదరగానే ఒంటిపూట బడులూ పెట్టారు. సెలవుల దగ్గర మీరు ఇచ్చిన మాట ఒక్కటీ తప్పలేదు. అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫాను వచ్చి వరంగల్, హనుమకొండ నీళ్లలో మునిగినప్పుడు పోయిన రోజులను నేను అడగడం లేదు. జనవరిలో మేడారం జాతర రోజులూ అడగను, తల్లుల దగ్గరికి ఊరంతా పోయింది, మేమూ పోయాం. బడి తెరిచి ఉండి, పిల్లలు లోపల ఉండి, చదువు జరగని రోజుల లెక్క అడుగుతున్నాను.

మా బడికి రెండు పోస్టులు. 2024 డీఎస్సీలో పది వేల మందికి ఉద్యోగాలిచ్చినప్పుడు ఎల్బీ స్టేడియం సభను టీవీలో చూసి మేమూ సంబరపడ్డాం. ఆ విడతలోనే మాకు కొత్త మేడం వచ్చింది. చిన్నపిల్లలకు పాటలు పాడించి అక్షరాలు నేర్పేది, బడి వదిలినా పిల్లలు ఆమె చుట్టూనే తిరిగేవాళ్లు. పోయిన వానాకాలంలో ‘పని సర్దుబాటు’ అని వేరే ఊరి బడికి పంపించారు. తాత్కాలికమే, మళ్లీ వస్తుందన్నారు. దసరాకు వస్తుందన్నారు, సంక్రాంతికి వస్తుందన్నారు. ఏడాది చివరి ఎస్‌ఏ-2 పరీక్షలు కూడా అయిపోయాయి. ఆ ఊరి పిల్లలకు టీచర్ దొరికినందుకు నాకేం కడుపుమంట లేదు. కానీ ఒక బడి పైకప్పు విప్పి ఇంకో బడికి కప్పితే వాన ఎక్కడ కురుస్తుందో మీకు తెలియదా?

అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని అదే విద్యాహక్కు చట్టం చెప్తుంది. చట్టం మేం రాసింది కాదు కదా సార్.

ఇప్పుడు మిగిలింది సారు ఒక్కరే. ఆయన్ను ఒక్క మాట అనను. ఆయనే హెడ్‌మాస్టర్, ఆయనే క్లర్కు, ఆయనే ఐదు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. కమిటీ పని మీద పోయినప్పుడల్లా చూస్తుంటాను. ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెడతారు, లేకపోతే పక్క గదిలో చిన్నవాళ్లు కొట్టుకుంటారు. బోర్డు మధ్యలో సుద్దతో నిలువు గీత. ఎడమవైపు ఒకటి, రెండు తరగతులకు అంకెలు, కుడివైపు నాలుగు, ఐదు తరగతులకు భాగహారం. మధ్యలో ఉన్న మూడో తరగతికి బోర్డులో చోటు లేదు. ‘మీరు పుస్తకం చూసి రాయండి’ అంటారు. నా బిడ్డ ఏడాదంతా పుస్తకం చూసి రాసింది.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా ముందుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి పేజీ మీద తేదీ, కింద ‘కాపీ రైటింగ్’. ఎర్ర పెన్ను టిక్కులు ఆగస్టు దాకా కనిపిస్తాయి, ఆ తర్వాత చాలా పేజీలకు లేవు. మేడం పోయింది అప్పుడే. మీరిచ్చిన పాఠ్యపుస్తకంలో ఒకవైపు తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. ఆలోచన మంచిదే. మా పాప పుస్తకంలో తెలుగు పేజీలు నలిగిపోయాయి, ఇంగ్లీషు పేజీలు కొత్త నోట్ల మాదిరి ఫెళఫెళలాడుతున్నాయి. ఇంగ్లీష్ మీడియం బడి అని బయట బోర్డు మాత్రం ఉంది.

సారు బడికి వచ్చిన రోజైనా పాఠం చెప్పనిస్తారా అంటే అదీ లేదు. పొద్దున పిల్లల ముఖాలు ఒక్కొక్కటే ఫోన్‌లో పట్టి హాజరు వేయాలి. బడిలో సిగ్నల్ సరిగా ఉండదు, వేపచెట్టు కింద నిలబడి ఫోన్ పైకెత్తి తిప్పుతుంటారు. అది ఎక్కాక మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి. తర్వాత బడి వివరాలు ఎక్కించే యూడైస్ అంటారు, ఒక్కో పిల్లకు నంబరిచ్చే ఆపార్ ఐడీ అంటారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనుక ఉంటే ఆ పిల్లవాడి తల్లిదండ్రులను పిలిపించాలి. ఒకరోజు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్, ఇంకోరోజు ట్రైనింగ్. సారు మీటింగ్‌కు పోతే బడిలో మిగిలేది వంట చేసే అక్క. ఆమె పప్పు కలుపుతూనే పిల్లలను అదిలిస్తుంటుంది. ఆమెకు బిల్లు సరిగా అందక గుడ్డు కొన్ని వారాలు కనబడకుండా పోతుంది, ఆ కథ ఇంకోసారి రాస్తాను.

2024 నవంబరులో ఇంటింటి సర్వే అని ప్రైమరీ టీచర్లను తీసుకున్నారు, బడులు ఒంటిపూటే నడిచాయి. 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు, మళ్లీ డ్యూటీలు. చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దని చట్టంలో 27వ సెక్షన్ ఉంది, జనాభా లెక్కలకు, విపత్తులకు, ఎన్నికలకు మాత్రం మినహాయింపు ఉంది. ఎన్నికలు మినహాయింపులో ఉన్నాయి, సరే. ఇద్దరు టీచర్లుంటే ఒకరు డ్యూటీకి పోయినా ఇంకొకరు పాఠం చెప్తారు. ఒక్కరే ఉన్నచోట ఆ ఒక్కరినీ తీసుకుంటే చట్టం గెలుస్తుంది, బడికి తాళం పడుతుంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలున్నాయి. ఆ నెల మా పిల్లల సంగతి ఇప్పటినుంచే ఎవరైనా ఆలోచిస్తున్నారా?

ఇంకో సంగతి. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా నిమిషానికి అరవై మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని, 9999 దాకా సంఖ్యలు గుర్తుపట్టాలని చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే నిపుణ్ భారత్ పథకంలో కేంద్రం పెట్టుకుంది. దానికి గడువు 2026–27. మన రాష్ట్రంలో అదే పనికి పెట్టిన తొలిమెట్టు మొదలైంది 2022లో. గడువు సంవత్సరం ఈ జూన్‌లోనే మొదలవుతోంది. మా పాప మూడో తరగతి అయితే దాటేసింది. తెలుగు కూడబలుక్కొని చదువుతుంది. నాలుగంకెల సంఖ్య చూపిస్తే మూడంకెల దాకా చదివి నా మొహం చూస్తుంది. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం ‘ఎ’ గ్రేడ్ వేశారు. ఆ కార్డు చూసి మా అత్తమ్మ మురిసిపోయి వీధిలో అందరికీ చూపించింది. నేనేం చెప్పాలి ఆమెకు?

నెలనెలా మూడో శనివారం తల్లిదండ్రుల మీటింగ్ అన్నారు. పత్తి తీసే రోజుల్లో కూలికి పోకుండా వచ్చిన తల్లులం ఉన్నాం. సారు ఎదురుగా నిలబడి అందరం ఒకటే అడిగాం, మేడం ఎప్పుడొస్తుందని. సారు తల దించుకున్నారు. ఆయన చేతిలో లేని పనికి ఆయన తల దించుకోవడమేమిటి?

కమిటీ సభ్యురాలిగా కూడా ఒక మాట అడుగుతాను. నల్లా బాగుచేయాలంటే మా తీర్మానం కావాలి. స్విచ్‌బోర్డు మార్చాలంటే మా సంతకాలు కావాలి. ఉన్న టీచర్‌ను తీసుకుపోయేటప్పుడు మాత్రం ఒక్క ముక్క చెప్పరు. పేరులో ‘అమ్మ’ పెట్టారు కదా, అమ్మలను అడిగితే ఏం పోయేది?

పిల్లలు తగ్గారు కాబట్టి టీచర్‌ను తీశామని అంటారని తెలుసు, ఇప్పటికే ఒకరు అన్నారు. యూనిఫాం కొలతలు తీసేది నేనే. ఎవరి కొలత ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలుసు. మేడం ఉన్నప్పుడు ఒక్కరూ పోలేదు. ఆమె పోయాక, సంక్రాంతి తర్వాత, మా వీధి చివర పచ్చ వ్యాన్ ఆగడం మొదలైంది. కుట్టి ఇచ్చిన జతలు ఇంట్లో పడి ఉన్నాయి, పిల్లలు టై కట్టుకొని వ్యాన్ ఎక్కుతున్నారు. ఆ తల్లిదండ్రులేం ఉన్నోళ్లు కాదు. పత్తి అమ్మిన డబ్బులో సగం ఫీజుకు, వ్యాన్‌కు కడుతున్నారు. టీచర్ లేక పిల్లలు పోతారు, పిల్లలు పోయారని టీచర్‌ను ఇవ్వరు. దీన్ని మీ ఆఫీసులో ఏమంటారో గానీ మా ఊళ్లో బడి మూసే ఉపాయం అంటున్నారు.

జూన్‌లో బడిబాట వస్తుంది. ప్లకార్డులు పట్టుకొని ఇల్లిల్లూ తిరగాలి, ప్రభుత్వ బడిలోనే చేర్పించండని చెప్పాలి. కమిటీ సభ్యురాలిగా ముందు వరసలో నడవాల్సింది నేనే. పోయిన ఏడు నడిచాను, గొంతు పోయేట్టు చెప్పాను. ఈసారి ఒక తల్లి ‘మరి సార్లు ఎంతమంది’ అని అడిగితే ఏం చెప్పమంటారో అది కూడా రాసి పంపండి, అట్లనే చదువుతాను.

మా మేడంను మాకు పంపండి. ఆమెనే పంపలేకపోతే ఇంకొకరిని పంపండి. అదీ ఆలస్యమైతే, కరోనా తర్వాత ఆపేసిన విద్యా వలంటీర్లను మా లాంటి బడులకైనా పెట్టండి. మా ఊళ్లోనే టీచర్ కోర్సు డీఎడ్ చేసి ఖాళీగా ఉన్న ఆడపిల్లలున్నారు. ఒక్కరే ఉన్న బడి నుంచి సారును మీటింగ్‌కు పిలిచే రోజు ఎవరినైనా బదులు పంపండి. బడి తెరిచిన మొదటి వారంలో గోడ మీద ఒక కాగితం అంటించమనండి. ఏ తరగతికి ఎవరు చెప్తారు, ఏ నెలకు పిల్లకు ఏం రావాలి, రాకపోతే మేం ఎవరిని అడగాలి, ఇవి తెలుగులో, మాకు అర్థమయ్యేట్టు ఉండాలి. ఇంతకన్నా ఎక్కువ అడిగానా? అడిగితే కొట్టివేయండి, టీచర్ ఒక్కటి మాత్రం ఉంచండి.

బడి తెరిచేలోపు జవాబు ఇవ్వగలరని వేడుకుంటున్నాను. సంబంధిత అధికారికి మాత్రం పంపకండి సార్, ఆయన మాకు దొరకడం లేదు.

ఇట్లు,
మూడో తరగతి పాసైన ఒక పాప తల్లి,
వరంగల్ జిల్లా