భయం కొండమీదనే పుట్టాలా?

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక సినిమా పేజీలో కొంతకాలంగా హారర్, థ్రిల్లర్ చిత్రాల మీద వస్తున్న వ్యాసాలన్నీ ఏ చిత్రం ఎంత భయపెట్టింది, ఎంత వసూలు చేసింది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతున్నాయి. దర్శకుడు ఆ భయాన్ని ఎక్కడినుంచి తెచ్చాడు, చివరికి ఎవరి నెత్తిన పెట్టాడు అన్నది ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఉంటున్న మాలాంటి తెలుగువాళ్లకు పట్టించుకోక తప్పని ప్రశ్న గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. దెయ్యాల సినిమాలంటే నాకు చిన్నచూపు లేదు. నిజానికి కుటుంబ కథల కన్నా వాటినే ఇష్టంగా చూస్తాను. పర్లాకిమిడి హాల్లో ఆడితే అక్కడ, లేదంటే నాలుగు నెలలు ఆలస్యమైనా ఇంట్లో ఓటీటీలో చూస్తాను. ఈమధ్య అలా వరుసగా చూసిన కొన్నింటి మీద నా అభిప్రాయాలు ఇవి.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా భయపెట్టినది 2022లో వచ్చిన ‘మసూద’. ఆలస్యంగా చూశాను. అందులో కోట లేదు, కనీసం తొలి సగంలో అరుపులు కూడా పెద్దగా లేవు. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు, అందులో కూతురితో ఒంటరిగా ఉంటున్న సైన్సు టీచరు, పక్క ఫ్లాటులో సహజంగానే పిరికివాడైన ఒక కుర్రాడు, అంతే. కన్నకూతురి చూపు మారిపోయిందని తల్లికి అర్థమవుతుంది, కానీ ఆ మాట పైకి అనడానికి ఆమెకు నోరు రాదు. ఆ తటపటాయింపును సంగీత ముఖంలో చూస్తున్నప్పుడు పుట్టే భయం ముందు తలుపులు కొట్టుకునే చప్పుళ్లు ఎందుకూ కొరగావు. సాయి కిరణ్ తొలి చిత్రంలోనే ఇంత ఓపిక చూపడం విశేషం. ద్వితీయార్ధం సాగింది, ముగింపులో రక్తం మోతాదు మించింది, అయినా భయం ఇంట్లోనే పుట్టి ఇంటివాళ్ల మధ్యనే పెరిగింది గనుక ఆ లోపాలను క్షమించగలిగాను.

మమ్ముట్టి నటించిన మలయాళ చిత్రం ‘భ్రమయుగం’ను తెలుగు మాటలతో చూశాను. నలుపు తెలుపుల్లో, వేళ్లమీద లెక్కపెట్టగల పాత్రలతో, ఒకే పాడుబడ్డ ఇంట్లో నడిచే ఈ కథలో ఆకలితో వచ్చిన పాటగాడి చేత ఇంటి యజమాని పాచికలాడిస్తూ అతని కాలాన్నే పందెంగా ఒడ్డిస్తాడు. అన్నం పెట్టిన చేయే కాళ్లకు సంకెలవుతుంది. రాహుల్ సదాశివన్ మనల్ని భయపెట్టింది దెయ్యంతో కాదు, అధికారంతో. పైకులం దొర ఇంటి వసారాలో నిలబడి ఎరిగిన తాతముత్తాతలున్న ప్రతివాడికీ ఆ భయం తెలుసు. కిరణ్ అబ్బవరం నటించిన ‘క’ కూడా నాకు నచ్చింది, అయితే వేరే కారణానికి. కొండల నీడ పడి మధ్యాహ్నం మూడింటికే చీకటి కమ్మే ఊరు అందులో కథాస్థలం. మహేంద్రగిరి పాదాన ఉన్న పల్లెల్లో పొద్దు ఎంత తొందరగా కొండ చాటుకు పోతుందో ఎరిగినవాణ్ణి కాబట్టి, నేల తీరు నుంచే కథ అల్లుకున్న ఆ దర్శకుల తెలివికి ముచ్చటపడ్డాను. అక్కడ చీకటికి మంత్రం అక్కరలేదు, కొండ ఉంటే చాలు.

ఇక ‘విరూపాక్ష’. 2023లో హాల్లో చూసి ఎంత మెచ్చుకున్నానో, ఈమధ్య ఇంట్లో రెండోసారి చూసి అంత ఇబ్బంది పడ్డాను. చిత్రీకరణలో గాని, అజనీష్ లోక్‌నాథ్ సంగీతంలో గాని, ఒక్కొక్క మరణం వెనుక ముడిని దాచిపెట్టిన పద్ధతిలో గాని వంక పెట్టడానికి లేదు. నా ఇబ్బంది కథ మొదట్లోనే ఉంది. క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో ఊరిజనం ఒక జంటను సజీవదహనం చేస్తారు. కాలిపోతూ ఆమె పుష్కరకాలం తరువాత ఈ ఊరు వల్లకాడవుతుందని శపిస్తుంది. పన్నెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో చావులు మొదలవుతాయి. ఊరు చేసింది ఘోరమని దర్శకుడు చెప్పదలచుకున్న మాట నాకు అర్థమైంది. కానీ శాపం ఫలించిన మరుక్షణం, చూసేవాడి మనసులో ఆ ఊరిజనం అనుమానం కూడా నిజమైపోతుంది: ఆ ఇంట్లో ఏదో ఉందన్నమాట, తగలబెట్టినవాళ్లు పూర్తిగా తప్పు కాదన్నమాట! దహనాన్ని ఖండించడానికి మొదలుపెట్టిన కథ, దహనానికి కారణమైన నమ్మకాన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేసింది. నగరంలో ఏసీ హాల్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఇది తర్కంలో చిన్న లొసుగు. మా జిల్లాల్లో అది అంత చిన్నది కాదు.

ఎందుకంటే మా వైపు ‘చిల్లంగి’, అంటే చేతబడి, అనేది సినిమా మాట కాదు. ‘చిల్లంగి నెపంతో వృద్ధురాలి హత్య’ అన్న శీర్షిక మీ పత్రిక జిల్లా పేజీల్లోనే ఎన్నోసార్లు వచ్చింది. కొండ మీది గూడెంలో పిల్లవాడికి జ్వరం వస్తుంది, మూడోనాడు మూర్ఛ వస్తుంది, కళ్లు పైకి తేలిపోతాయి, పళ్లు బిగుసుకుపోతాయి, సంధిప్రేలాపన మొదలవుతుంది. మెదడుకు ఎక్కిన మలేరియా చేసే పని అచ్చంగా ఇదే. మన హారర్ చిత్రాల్లో దయ్యం పట్టిన మనిషిని చూపించే దృశ్యం కూడా దాదాపు ఇదే. ఆ దృశ్యాన్ని ఫోనులో పదిసార్లు చూసిన యువకుడికి, ఇంట్లో తమ్ముడు అదే విధంగా కొట్టుకుంటుంటే ముందు ఆసుపత్రి గుర్తుకొస్తుందా, గూడెం చివర ఒంటరిగా ఉండే వితంతువు గుర్తుకొస్తుందా? సినిమా చూసి ఎవరూ హత్య చేయరని వాదించేవారితో నేనూ ఏకీభవిస్తాను. ఈ అనుమానాలు సినిమా పుట్టకముందునుంచీ ఉన్నవే. కానీ ఉన్న అనుమానానికి ‘అది నిజంగా జరుగుతుంది’ అని పెద్ద తెరమీద సాక్ష్యం చెప్పడం వేరే సంగతి. ఒడిశా ప్రభుత్వం 2013లో ప్రత్యేకంగా చట్టం చేసి, మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నీ ఆ పేరుతో వేధించడాన్నీ నేరాలుగా ప్రకటించింది. అదే ఏడాది మహారాష్ట్ర కూడా మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తరువాత నరబలి, చేతబడులకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. రెండు రాష్ట్రాలు చట్టం చేయవలసి వచ్చిన వ్యవహారాన్ని మన కథకులు విశ్రాంతి ముందు మలుపుగా వాడుకుంటున్నారు.

‘మా ఊరి పొలిమేర’ రెండు భాగాల మీదా నా అభ్యంతరం ఇదే. సత్యం రాజేష్‌లోని నటుడిని వెలికితీసినందుకు ఆ చిత్రాలను మెచ్చుకోవలసిందే, మొదటి భాగం చివరి మలుపు నిజంగానే ఊహకు అందనిది. అయినా చేతబడి పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు. ఎవరు చేశారన్నదే ప్రశ్న. 2025లో వచ్చిన ‘కిష్కింధపురి’ ఆ మేరకు నయం. పాడుబడిన రేడియో స్టేషను, దెయ్యాల ఇళ్లు చూపిస్తామంటూ జనాన్ని తిప్పే జంట, కొత్త ఊహే. కాకపోతే సగం తరువాత అదికూడా అందరూ నడిచిన దారినే పట్టింది.

ఇక్కడ కొండవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు హారర్ చిత్రంలో మంత్రగాడు కావాలంటే ఇప్పటికీ అడవినుంచే రావాలి: మెడలో పుర్రెలు, ముఖాన మసి, చేతిలో నెత్తుటి గిన్నె, నోట ఏ భాషకూ చెందని కూతలు. ఆ వేషం మాకు దగ్గరలోని సవర తెగవాళ్ల గూడేల్లో ఎక్కడా కనబడదు. వారపు సంతకు పసుపు, చింతపండు, అనాసపళ్లు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని దిగి వచ్చే సవర ఆడవాళ్లు బేరం తెగ్గొట్టడంలో మా కోమటి వీధిని మించినవారు. ఒక దెయ్యం సినిమా ఓటీటీలోకి వచ్చిన రోజుల్లో, బడికి పోయే మా వీధి పిల్లలు అలా సంతకు వచ్చిన ఒక ముసలామె వెంటబడి ‘చిల్లంగి, చిల్లంగి’ అని కేకలు వేశారు. ఆమె తట్ట కిందికి దించి, వాళ్లవైపు తిరిగి, శుభ్రమైన తెలుగులో నాలుగు మాటలు అంటించి పోయింది. పిల్లలు నవ్వుకున్నారు. ఆ కేక ఆమె సొంత గూడెంలో పెద్దవాళ్ల నోట వచ్చి ఉంటే నవ్వుకోవడంతో పోయేది కాదు.

పైగా, సినిమావాళ్లు వెతుక్కుంటే ఈ కొండల్లో వాళ్ల మంత్రగాడి కన్నా వందరెట్లు గొప్ప కథ ఉంది. సవరల పాత ఆచారంలో చనిపోయినవాళ్లు పూనకంలో ఉన్న పూజారిణి నోట మాట్లాడతారు. చుట్టూ కూర్చున్న బంధువులు వాళ్లతో మాటకు మాట అంటారు, నిష్ఠూరమాడతారు, ఏడుస్తారు, ఎలా పోయావని అడుగుతారు, ఆస్తి పంపకాల సంగతి కూడా తేల్చుకుంటారు. క్రైస్తవం వచ్చిన గూడేల్లో ఈ ఆచారం కనుమరుగవుతోంది గాని, పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1970ల నుంచి వాళ్ల మధ్య గడిపి దీన్ని వివరంగా రికార్డు చేశారు. చచ్చినవాళ్లను తరిమికొట్టడం కాకుండా కూర్చోబెట్టి మాట్లాడించే మనుషుల మీద ఒక భయానక చిత్రం తీస్తే ఎలా ఉంటుంది? నాకైతే తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. భాష తెలియదనే సాకు కూడా చెల్లదు. మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నారు. ఆయన తయారుచేసిన వ్యాకరణం, నిఘంటువు 1930లలోనే అచ్చయ్యాయి. అయినా మన చిత్రాల్లో కొండమనిషి నోరు తెరిస్తే కూతలే వినబడుతున్నాయి.

థ్రిల్లర్ల సంగతి తక్కువలో చెబుతాను. ఈ జాతి చిత్రాలకు నా కొలబద్ద ఇప్పటికీ 1985 నాటి వంశీ ‘అన్వేషణ’. అడవిలో వరుసగా చావులు, అందరూ పులి పని అంటారు, చివరికి మనిషి పని అని తేలుతుంది. అడవిని అడవిలాగా, పిట్టల కూతల్తో, ఇళయరాజా సంగీతంతో చూపించారే తప్ప అక్కడి జనాన్ని బూచివాళ్లను చేయలేదు. ఆ దారిలో ఈమధ్య కాలంలో నాకు కనబడిన సరైన చిత్రం 2019 నాటి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. నేరగాళ్లు జనం నమ్మకాన్ని ఎలా పెట్టుబడిగా పెట్టుకుంటారో ఆ చిత్రం నవ్విస్తూనే చూపించింది. చూడనివారి కోసం అంతకుమించి చెప్పను. రైలుపట్టాలు ఊరి పక్కనుంచే పోయే మాలాంటివారికి అది మరీ దగ్గరగా తగిలింది. ‘హిట్’ వరుస దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. మొదటి చిత్రంలో ఆధారం వెనుక ఆధారం పట్టుకుపోయే పరిశోధన ఉండేది, విశాఖలో నడిచిన రెండోదానిలోనూ కొంత మిగిలింది, మూడోదానికి వచ్చేసరికి పరిశోధన స్థానంలో నరుకుడు వచ్చి కూర్చుంది. నాని నటనకు లోటు లేదు గాని, ఎవరు చేశారో తెలుసుకోవాలన్న ఆత్రం లేకుండా థ్రిల్లర్ ఎలా చూడడం?

మీ సమీక్షకులకు నా విన్నపం ఒక్కటే. చిత్రం మొదట్లో నాలుగు క్షణాలపాటు ‘మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదు’ అని వేసే అక్షరాలతో నిర్మాతల బాధ్యత తీరిపోతున్నది. సమీక్షలో నేపథ్య సంగీతానికి ఇచ్చే చోటులో సగమైనా, ఆ కథ నిందను ఎవరి మీద మోపుతున్నదో చెప్పడానికి కేటాయించండి. అలాగే చిల్లంగి పేరుతో జరిగిన దాడి వార్త జిల్లా పేజీలో వేసినప్పుడు, అది చట్టప్రకారం నేరమని, ఫిర్యాదు పోలీసు స్టేషనులో ఇవ్వవచ్చునని రెండు వాక్యాలు కలపండి. ఈ కొండల వెంట పత్రికను చదివేవాళ్లకన్నా చదివించుకుని వినేవాళ్లే ఎక్కువ. ఆ రెండు వాక్యాలను కూడా చదివి వినిపిస్తారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.