రిచ్చీ గ్రంథాలకు కొత్త ఇల్లు

సంపాదకులకు నమస్కారం.

1984లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయంలో మొదలైన రిచ్చీ సంస్థ ఇప్పుడు బోస్టన్ కాలేజీలో కుదురుకోవడం చాలా సంతోషం. చైనాకూ పాశ్చాత్య దేశాలకూ నడుమ సాగిన రాకపోకలను, చైనాలో క్రైస్తవ చరిత్రను పరిశోధించే చోటు అది. ఆ సంస్థకు పేరైన ఇటలీ జెసూట్ మతబోధకుడు మత్తెయో రిచ్చీ గురువుగా అభిషేకం పొందింది మన కొచ్చిన్‌లోనే, 1580లో. తర్వాత చైనా చేరి, భాష నేర్చి, అక్కడి పండితుడు షూ గ్వాంగ్‌చీతో కూర్చుని యూక్లిడ్ జ్యామితిలో మొదటి ఆరు భాగాలను చైనీయ భాషలోకి తెచ్చాడు. 1607లో అవి అచ్చయ్యాయి. బిందువుకూ రేఖకూ ఆ ఇద్దరూ వాడిన మాటలనే నేటికీ అక్కడి బడిపిల్లలు పలకడం ఎంత గొప్ప సంగతి!

ఇల్లు మారినప్పుడు అట్టపెట్టెల్లో చివరిదాకా ఉండిపోయేవి పుస్తకాలే. ఆ సంస్థ గ్రంథాలు త్వరగా పాఠకుల చేతికి అందాలి. మన చరిత్ర శాఖలు కూడా ఒకరిద్దరు విద్యార్థులనైనా ఈ పరిశోధన వైపు పంపాలని మనవి.

– ఒక పాఠకుడు, విజయవాడ